వయసులో పెద్దవాడైన వాలంటీరుకు తప్పు ఎలా చెప్పాలి?

దేవరకొండ దగ్గరి మీ ఊళ్లో యువజన సంఘం తరఫున రక్తదాన శిబిరాలు నడుపుతున్నారు. మీకంటే పదేళ్లు పెద్దవాడైన వాలంటీరు ఒకాయన, రెండు నెలల కిందటే రక్తం ఇచ్చిన కుర్రాళ్లను కూడా "మూడు నెలలు దాటిందని చెప్పు" అని నేర్పి పంపుతున్నారు. ఆయన మనసు నొప్పించకుండా ఎలా ఆపాలని అడిగారు. నల్లగొండ చుట్టుపక్కల శిబిరాల పని చూసుకున్న రోజుల్లో ఇదే చిక్కు నాకూ ఎదురైంది, మొదట దాన్ని నేను పూర్తిగా చెడగొట్టుకున్నాను.

ఒక రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో "కొందరు గడువు తీరని దాతలను తీసుకొస్తున్నారు, ఇది పద్ధతి కాదు" అని పెట్టాను. పేరు రాయలేదు కనుక మర్యాదగానే ఉందనుకున్నాను. ఆ కొందరు ఎవరో గ్రూపులో అందరికీ తెలుసు. పేరు పెట్టి అని ఉంటే ఆయన జవాబైనా చెప్పుకునేవారు, పేరు లేకపోవడంతో ఆ వీలు కూడా లేకుండా పోయింది. తెల్లారేసరికి ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయారు, ఆయన వెంట మరో నలుగురు.

వారం తర్వాత ఆయన బత్తాయి తోటకు వెళ్లాను. చెట్లలో ఎండుపుల్లలు కత్తిరిస్తున్న మనిషి చేతిలో కత్తెర ఆపలేదు, కూర్చోమనీ అనలేదు. నేనూ కింద పడిన పుల్లలు ఏరి గట్టు మీద కుప్ప వేస్తూ చాలాసేపు మాట్లాడకుండా ఉన్నాను. చివరికి ఆయనే అన్నారు: "పోయినసారి స్టేజీ మీద ఏం చేసినవ్ తమ్మీ? ఎక్కువ మందిని తెచ్చినోళ్లకు శాలువ కప్పినవ్ గదా. ఇప్పుడు నేను దొంగనైననా?"

నా దగ్గర జవాబు లేదు. మేము మెచ్చుకున్నది సంఖ్యను, ఆయన తెచ్చి ఇచ్చిందీ సంఖ్యనే. "ఆ శాలువ పద్ధతి నాదే, తప్పు నాది కూడా అన్నా" అని ఒప్పుకున్నాకే ఆయన కత్తెర కింద పెట్టారు. మీరూ ఆయన దగ్గరికి వెళ్లే ముందు, మీ శిబిరంలో ఏ పనికి చప్పట్లు కొట్టిస్తున్నారో చూసుకోండి. ఆయన తొందరలో దురుద్దేశం ఉందని కూడా అనుకోవద్దు. ఎండాకాలం సెలవుల్లో కాలేజీ పిల్లలు దొరక్క రక్తానికి కటకట ఏర్పడుతుంది, తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు) ఉన్న పిల్లలకేమో రెండు నుంచి నాలుగు వారాలకొకసారి ఎక్కించక తప్పదు. ఆ సంగతి మీకూ తెలుసునని ముందుగా ఆయనతో అనండి.

తర్వాత ఆయన గుణాన్ని కదపకుండా నియమం గురించి, దాని కారణం గురించి మాత్రమే మాట్లాడండి. ఒకసారి రక్తం ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి మగవారికి 90 రోజులు, ఆడవారికి 120 రోజులు గడువు, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గకూడదు. రక్తంలోని నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో తిరిగి చేరుతుంది గానీ, పోయిన ఇనుము పూడడానికి నెలలు పడుతుంది, మనిషి మాత్రం పైకి బాగానే కనిపిస్తాడు. నేను ఇది చెప్పినప్పుడు ఆయన తోట మూలనున్న బోరు వైపు చూసి, "అంటే మన బోరు లెక్కనే, ఊరనియ్యాలె" అన్నారు. నేను తెచ్చుకున్న మాటలన్నిటికంటే అది బాగుంది, తర్వాత శిబిరాల్లో నేనూ అదే వాడుకున్నాను.

మీరు అడగకపోయినా మరొకటి చెప్పాలి. వెనక్కి పంపిన దాతను "ఎందుకు వద్దన్నరు?" అని నలుగురిలో అడిగే అలవాటు మన వాలంటీర్లలో ఉంటుంది, దాన్ని మొదటి రోజే మాన్పించండి. సేకరించిన రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. ఫలితం దాతకూ రక్తనిధికీ మధ్య విషయం. ఎవరికైనా హెచ్‌ఐవీ ఉన్నదన్న సంగతి వారి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టమే నిషేధించింది. వాలంటీర్లలో ఒకరే వచ్చి తనకు అలాంటి ఫలితం వచ్చిందని మీతో చెప్పుకుంటే, విని, ఆయనకు ఇబ్బంది లేని పని అప్పగించి, అక్కడితో వదిలేయండి. కార్యవర్గానికి కూడా చెప్పనక్కరలేదు.

ఇంత మాట్లాడినా మీ పెద్దాయన మారకపోతే, దాతలను తెచ్చే పని నుంచి తప్పించి పండ్లరసం, విశ్రాంతి బల్లల దగ్గర బాధ్యత ఇవ్వండి. అయితే ఆ మార్పు గ్రూపులో పెట్టే ముందు రోజే ఇంటికి వెళ్లి ఆయనకు మీ నోటితో చెప్పి రండి.