ఏడేళ్ల పాపతో జియోకాషింగ్: చివరి పది మీటర్లలోనే అసలు ఆట

దసరా, దీపావళి మధ్యలో ఏడేళ్ల పాపని హైదరాబాద్ చుట్టుపక్కల అడవిలోకి జియోకాషింగ్‌కి తీసుకెళ్లాలంటే ఫోన్ ఒక్కటీ సరిపోతుందా, పాప విసుక్కోకుండా ఏం చెయ్యాలి అని కదా అడిగారు. జియోకాషింగ్ అంటే ఎవరో దాచిన డబ్బాని (దీన్నే కాష్ అంటారు) జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకునే ఆట; దొరికినవాళ్లు లోపలున్న కాగితం మీద పేరు రాస్తారు, చిన్న చిన్న వస్తువులుంటే మార్చుకుంటారు. ఫోన్ సరిపోతుంది. కాకపోతే పిల్లలకి విసుగొచ్చేది ఎక్కువగా ఆ ఫోన్ వల్లే.

2000 మే 2న అమెరికా జీపీఎస్‌లో కావాలని పెట్టిన తేడాని తీసేసింది. అప్పటిదాకా మామూలు జనం వాడే పరికరాల్లో తేడా వంద మీటర్ల దాకా ఉండేది. మర్నాడే ఒరెగాన్ అడవిలో మొదటి డబ్బా దాచారు. ఇప్పుడు ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్ 5 మీటర్ల వరకు సరిగ్గా చూపిస్తుంది. కానీ డబ్బా దాచినవాళ్ల పరికరానికీ దాదాపు అంతే తేడా ఉంటుంది కదా, రెండూ కలుస్తాయి. పైగా చెట్ల కింద, మన గ్రానైట్ గుండ్ల పక్కన సిగ్నల్ రాతికి తగిలి తిరిగొస్తుంది, తేడా ఇంకా పెరుగుతుంది. తెర మీద ‘0 మీటర్లు’ అని వచ్చినా డబ్బా పది మీటర్ల అవతల ఉండొచ్చు. యాప్‌లో దారి చూపే బాణం అటూ ఇటూ గెంతుతుంటే దాని వెనకాల పిల్లని తిప్పారంటే పావుగంటలో ‘ఇంటికెళ్దాం’ మొదలవుతుంది.

అందుకని దూరం 10 మీటర్లకి రాగానే ఫోన్ జేబులో పెట్టెయ్యండి. ‘నువ్వైతే ఇక్కడ ఎక్కడ దాస్తావమ్మా?’ అని అడగండి. చూడాల్సింది డబ్బా కోసం కాదు, మనిషి చెయ్యి పడిన గుర్తు కోసం: ఎండు పుల్లలన్నీ ఒకే వైపుకి వరసగా ఉండటం, పక్కవాటికి నాచు ఉన్నా ఒక్క రాయికి మాత్రం లేకపోవడం, తొర్రకి అడ్డంగా చిన్న బండ. ఇలాంటివి పిల్లల కంటి ఎత్తులోనే ఎక్కువ కనబడతాయి. దొరక్కపోతే ఇరవై మీటర్లు వెనక్కెళ్లి, నిలబడి, బాణం కుదురుకున్నాక అది ఏ చెట్టు వైపు చూపిస్తోందో గుర్తుపెట్టుకోండి. తర్వాత మరో పక్కనుంచి అదే పని చెయ్యండి. రెండు గీతలు కలిసే చోట వెతకాలి. బాణం మరీ పిచ్చిగా తిరుగుతుంటే ఫోన్‌ని గాల్లో 8 అంకెలా నాలుగైదుసార్లు తిప్పండి. అయస్కాంతం ఉన్న ఫ్లిప్ కవర్ ఉంటే ముందు అది తీసెయ్యండి.

ఇంటి దగ్గరే చెయ్యాల్సిన పని కాష్‌ని ఎంచుకోవడం. యాప్‌లో ప్రతి కాష్‌కీ వెతకడంలో కష్టం, అక్కడికెళ్లే దారి రెండింటికీ 1 నుంచి 5 దాకా రేటింగ్ ఉంటుంది. ఈ వయసుకి కష్టం 1.5, దారి 2 మించొద్దు. సైజు ‘స్మాల్’ గానీ ‘రెగ్యులర్’ గానీ చూడండి. ‘మైక్రో’ అంటే ఫిల్మ్ రోల్ డబ్బా అంతే, చుట్టిన కాగితం తప్ప ఏమీ పట్టదు, పాప మొహం మాడిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం చివరిసారి ఎప్పుడు దొరికిందో చూడటం. మన దగ్గర కాష్‌లు తక్కువ, దాచినవాళ్లు ఊరు మారిపోతే చూసే దిక్కుండదు. యాప్‌లో వెళ్లినవాళ్లు రాసిన చివరి రెండు మూడు ఎంట్రీలూ ‘దొరకలేదు’ అనే ఉంటే, లేదా ఏడాదిగా ఎవరూ వెళ్లకపోతే దాన్ని వదిలెయ్యండి.

కోఆర్డినేట్లని, అంటే డబ్బా ఉన్న చోటు చెప్పే అంకెలని, చేత్తో కొట్టేటప్పుడు జాగ్రత్త. జియోకాషింగ్‌లో డిగ్రీలు, దశాంశ నిమిషాలు వాడతారు. 17 డిగ్రీల 25.500 నిమిషాలని ఎవరైనా 17.25500 అని కొడితే దాదాపు 19 కిలోమీటర్లు దక్షిణానికి తేలతారు. 25 నిమిషాల 50 సెకన్లు అనుకుంటే 600 మీటర్లు పైనే తప్పుతారు. అడవిలో రెండోదే ప్రమాదం, తప్పని తెలియదు, గంటసేపు వెతుకుతూనే ఉంటారు. చివరి అంకె ఒకటి మారితే తేడా సుమారు 2 మీటర్లే, దాని గురించి బెంగ వద్దు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు గానీ మ్యాప్‌కి కావాలి. కారు దిగగానే లొకేషన్ ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగాక నడవండి.

హింట్‌ని చాలాసార్లు 13 అక్షరాలు జరిపి రాస్తారు. ఇంగ్లిష్ ‘ఎ’ బదులు ‘ఎన్’, ‘బి’ బదులు ‘ఓ’, అలా. యాప్‌లో బటన్ నొక్కితే విడిపోతుంది, కానీ నొక్కకండి. కాగితం మీద 13 అక్షరాలు పైన, 13 కింద రాసి పాపకివ్వండి. కారులో అరగంట గడిచిపోతుంది.

ఇక కాలం సంగతి. వానలు వెనకబట్టాక దారి పక్కన గునుగు, తంగేడు పూస్తాయి, సీతాఫలాలు పండుతాయి, నడవడానికి హాయి. అదే కాలంలో గడ్డి మోకాళ్ల దాకా ఉంటుంది, పల్లేరుకాయలు మేజోళ్లకి అంటుకుంటాయి, దురదగొండి కాయలు ఎండటం మొదలవుతుంది. వాటి నూగు తగిలితే గోకకూడదు, టేప్ అంటించి పీకి, తర్వాత సబ్బుతో కడగాలి. నిండు ప్యాంటు, బూట్లు తప్పనిసరి. రాళ్ల సందుల్లో తేళ్లు, కట్లపాములు ఉంటాయి కాబట్టి ఒకటే నియమం: పాప చూపిస్తుంది, పెద్దవాళ్లు టార్చ్ వేసి, కర్రతో కదిపి, తర్వాతే తీస్తారు. ఈ నియమాన్ని బయల్దేరే ముందే పాపతో రెండుసార్లు చెప్పించండి. పెద్ద గుండ్ల చూరుల కింద తేనెపట్టు వేలాడుతుంటే ఆ కాష్‌ని మర్చిపొండి. పాము కాటు పడితే కట్టు బిగించడం, కోయడం వద్దు. కదలనివ్వకుండా 108కి ఫోన్ చెయ్యండి.

సంచిలో మనిషికో లీటరు నీళ్లు, పెన్సిల్, విడి కాగితం ముక్కలు, చిన్న జిప్ కవర్లు రెండు, ట్వీజర్, ఈల. పెన్ను కన్నా పెన్సిలే నయం, తడిసిన కాగితం మీద పెన్ను రాయదు. డబ్బాలోంచి ఏదైనా తీస్తే అంత విలువదే ఇంకోటి పెట్టాలి: స్టిక్కర్లు, గోళీలు, కీచెయిన్. చాక్లెట్ పెట్టొద్దు, చీమలు, ఎలుకలు డబ్బానే పాడుచేస్తాయి. కోడ్ చెక్కిన బిళ్ల దొరికితే అది దాచుకునేది కాదు, మరో కాష్‌కి చేర్చాల్సింది. వికారాబాద్ దగ్గరి అనంతగిరి వైపు వెళ్తే కోతులుంటాయి, తిండిని క్యారీబ్యాగ్‌లో చేత్తో పట్టుకుని నడవకండి.

కేబీఆర్, మృగవని, హరిణ వనస్థలి జాతీయ ఉద్యానాలు. అక్కడ దారి దిగి పొదల్లోకి వెళ్లొద్దు, ఏదీ వదిలి రావొద్దు. డబ్బా లేకుండా ప్రశ్నలకి జవాబులు రాసే ఎర్త్‌కాష్, వర్చువల్ రకాలుంటే అలాంటి చోట్లకి అవే సరి. సైనిక స్థలాల గోడల దగ్గర అసలు వెతకొద్దు. వాచ్‌మన్ అడిగితే దాచకుండా యాప్ చూపించండి. పక్కన చిన్నపిల్ల ఉంటే అనుమానం సగం తగ్గుతుంది, అది నిజం.

దగ్గర్లో మంచి కాష్ లేకపోతే తెలిసినవాళ్ల తోటలో, వాళ్ల అనుమతితో మీరే ఒకటి దాచండి. మూతకి రబ్బరు అంచున్న క్లిప్ డబ్బా, లోపల కనబడేది అయితే మంచిది, ఎవరూ కంగారుపడరు. పైన ‘ఆట డబ్బా’ అని తెలుగులో రాయండి. పాతిపెట్టొద్దు. జీపీఎస్ రీడింగ్ ఒకసారి కాదు, పది నిమిషాల తేడాతో మూడుసార్లు తీసుకుని సగటు రాసుకోండి. అందరూ వెతికేలా జియోకాషింగ్ వెబ్‌సైట్‌లో పెట్టాలంటే మరో డబ్బాకి కనీసం 161 మీటర్ల దూరం, స్థలం వాళ్ల అనుమతి ఉండాలి. ఇంట్లోవాళ్లకే అయితే ఆ లెక్క అక్కర్లేదు.

ఉదయం ఏడింటికి మొదలుపెట్టి పదింటికల్లా తిరుగుముఖం పట్టండి. రోజుకి రెండు కాష్‌లు చాలు, నడక మొత్తం కిలోమీటరున్నర మించకూడదు. తేలికైనది రెండోదిగా పెట్టుకోండి. మొదటిది దొరక్కపోయినా రెండోదాంతో పని గడుస్తుంది. సాయంత్రం వెళ్లాల్సొస్తే నవంబరు మధ్యలో 5:40కే సూర్యుడు దిగిపోతాడని గుర్తుంచుకుని, అయిదింటికల్లా కారు దగ్గర ఉండేలా చూసుకోండి.