పాఠకుల ప్రశ్నలు: నర్స్ అనస్థీషియా కోర్సులో సీటు రావాలంటే

ప్రశ్న: నేను కర్నూలులో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ 68 శాతం మార్కులతో పూర్తి చేశాను. ఐదేళ్లుగా బెంగళూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, గుండె శస్త్రచికిత్సల ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మావారు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. వచ్చే ఏడాది కంపెనీ ఆయనను ఎల్-1 వీసా మీద అమెరికా పంపవచ్చు. అక్కడ నర్సులే మత్తు ఇస్తారని, అందుకు ప్రత్యేకమైన చదువు ఉందని విన్నాను. ఇక్కడి ఒక కన్సల్టెన్సీ వారు, ముందు ఇక్కడే ఎంఎస్సీ చేయాలని, నా ఐసీయూ అనుభవం సరిపోతుందని, ఫీజు కడితే నేరుగా సీటు ఇప్పిస్తామని చెబుతున్నారు. నమ్మవచ్చా? అసలు కావలసిన అర్హతలేమిటి?
— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందుగా ఆ ఫీజు కట్టకండి. వారు చెప్పిన మూడు మాటల్లో ఏ ఒక్కటీ నిజం కాదు. ఇక్కడ ఎంఎస్సీ చేయనవసరం లేదు, సీటు ఎవరూ ఇప్పించలేరు, అన్నిటికంటే ముఖ్యంగా మీ ఐదేళ్ల బెంగళూరు ఐసీయూ అనుభవం ఆ కోర్సు ప్రవేశానికి లెక్కలోకి రాదు. ఈ చివరి మాట మీకు బాధ కలిగిస్తుందని తెలుసు. అయినా ఇది ఇప్పుడే తెలియడం మంచిది, ఎందుకంటే మీరు వేసుకోవలసిన ప్రణాళిక అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అమెరికాలో నర్సులు మత్తు ఇవ్వడం కొత్తగా వచ్చిన ఏర్పాటు కాదు. 19వ శతాబ్దం చివరి నుంచే ఉంది. మేయో క్లినిక్‌లో పనిచేసిన నర్సు ఆలిస్ మాగా, తాను ఇచ్చిన 14,000కు పైగా మత్తుల వివరాలను 1906లోనే ప్రచురించారు. నేడు ఆ వృత్తిలో ఉన్నవారిని సర్టిఫైడ్ రిజిస్టర్డ్ నర్స్ అనస్థీటిస్ట్, పొట్టిగా సీఆర్ఎన్ఏ అంటారు. ఆ కోర్సులకు గుర్తింపు ఇచ్చే మండలి ప్రవేశానికి మూడు కనీస అర్హతలు నిర్దేశించింది: నర్సింగ్‌లో గానీ తగిన మరో విషయంలో గానీ బ్యాచిలర్ డిగ్రీ, ఏ ఆంక్షలూ లేని అమెరికా రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు, క్రిటికల్ కేర్ విభాగంలో కనీసం ఒక సంవత్సరం పూర్తికాలపు అనుభవం. ఈ అనుభవం అమెరికాలో గానీ, దాని అధీనంలోని ప్రాంతాలలో గానీ, విదేశాల్లోని అమెరికా సైనిక ఆసుపత్రుల్లో గానీ పొందినదై ఉండాలని ఆ మండలి నియమాల్లోనే ఉంది. బెంగళూరులో మీరు ఎంత క్లిష్టమైన రోగులను చూసుకున్నా, ఆ ఒక్క ఏడాది అక్కడి ఐసీయూలో గడవవలసిందే.

మరి ఈ ఐదేళ్లూ వృథా అయినట్టేనా? కానే కాదు. అక్కడి ఆసుపత్రి మిమ్మల్ని వార్డులో కాక నేరుగా ఐసీయూలో తీసుకోవాలంటే, చూపించడానికి మీ దగ్గర ఉన్న బలమైన ఆధారం ఇదే. అందుకే అనుభవ ధ్రువపత్రం తీసుకునేటప్పుడు "స్టాఫ్ నర్సుగా పనిచేశారు" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకోకండి. ఎన్ని పడకల ఐసీయూ, ఒక నర్సుకు ఎందరు రోగులు, వెంటిలేటర్ మీద ఉన్నవారిని, ఆర్టీరియల్ లైన్, సెంట్రల్ లైన్ ఉన్నవారిని, సిరంజి పంపుల ద్వారా రక్తపోటు మందులు ఎక్కుతున్నవారిని చూసుకున్నారా అన్న వివరాలన్నీ రాయించి, నర్సింగ్ సూపరింటెండెంట్ సంతకంతో తీసుకోండి. ఉద్యోగం మానేసి ఊరు దాటిన తరువాత ఆ కాగితం సంపాదించడం ఎంత కష్టమో, అలా తిరిగి తిరిగి విసిగిపోయిన మన అమ్మాయిలను నేను చాలామందిని చూశాను.

ఇక లైసెన్సు సంగతి. మీరు బెంగళూరులో ఉండగానే, అమెరికా నర్సు లైసెన్సుకు రాయవలసిన ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్ష పూర్తి చేసుకోవడం మేలు. పరీక్షా కేంద్రం మీ నగరంలోనే ఉంది. చెన్నై, హైదరాబాద్‌లలోనూ ఉంది. కంప్యూటర్ మీద జరిగే ఈ పరీక్షలో అభ్యర్థిని బట్టి 85 నుంచి 150 ప్రశ్నల వరకు వస్తాయి, గరిష్ఠ సమయం ఐదు గంటలు. నిజానికి పరీక్ష కంటే దానికి ముందరి కాగితాల పనే ఎక్కువ కాలం పడుతుంది. ఏ రాష్ట్రం లైసెన్సు కోరుతున్నారో నిర్ణయించుకుని, అక్కడి నర్సింగ్ బోర్డుకు దరఖాస్తు చేయాలి. కర్నూలు కళాశాల నుంచి మార్కుల వివరాలు, నర్సింగ్ కౌన్సిల్ నుంచి రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ మీ చేతి మీదుగా కాక విదేశీ చదువులను పరిశీలించే మూల్యాంకన సంస్థకు నేరుగా చేరాలి. కొన్ని రాష్ట్రాలు సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేనిదే లైసెన్సు ఇవ్వవు, కాబట్టి రాష్ట్రాన్ని ఎంచుకునేటప్పుడే ఈ విషయం చూసుకోండి.

మీ వారు ఎల్-1 మీద వెళ్లడం మీకు పెద్ద సౌకర్యం. నర్సు ఉద్యోగం ద్వారానే గ్రీన్‌కార్డుకు ప్రయత్నించే భారతీయులు ఈబీ-3 అనే ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డు వరుసలో పదేళ్లకు పైగా వేచి ఉండవలసి వస్తోంది. ఎల్-1 ఉద్యోగి వెంట ఎల్-2 వీసా మీద వెళ్లే జీవిత భాగస్వామికైతే, 2021 నవంబరు నుంచి వేరే అనుమతి పత్రం లేకుండానే ఉద్యోగం చేసే హక్కు ఉంది. అయితే కాలం లెక్క జాగ్రత్తగా వేసుకోవాలి. ప్రత్యేక నైపుణ్యం ఉన్న ఉద్యోగులకు ఇచ్చే ఎల్-1బీకి గరిష్ఠ పరిమితి ఐదేళ్లు, మేనేజర్లకు ఇచ్చే ఎల్-1ఏకు ఏడేళ్లు. ఉద్యోగం దొరకడానికి కొన్ని నెలలు, ఐసీయూలో కనీసం ఏడాది, దరఖాస్తుకూ తరగతుల ప్రారంభానికీ మధ్య మరికొంత కాలం, ఆపైన మూడేళ్ల చదువు. పైగా కొన్ని కళాశాలలు పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ ఉన్నవారినే చేర్చుకుంటాయి. ఈ లెక్క మీరిద్దరూ కూర్చుని ప్రయాణానికి ముందే తేల్చుకోవడం మంచిది.

పైన చెప్పినవి కనీస అర్హతలు మాత్రమే. సీటు వచ్చేది వాటికి మించి చూపినవారికే. ఏడాది చాలునని నియమం ఉన్నా, ఎంపికైనవారిలో రెండు మూడేళ్ల అనుభవం ఉన్నవారు చాలామంది కనిపిస్తారు. పెద్దల ఐసీయూకు, అందులోనూ గుండె, శస్త్రచికిత్స విభాగాలకు విలువ ఎక్కువ. అత్యవసర విభాగంలోనో, ఆపరేషన్ థియేటర్‌లోనో చేసిన పనిని చాలా కళాశాలలు ఒప్పుకోవు. సీసీఆర్ఎన్ అనే క్రిటికల్ కేర్ ధ్రువీకరణ పరీక్షను అనేక కళాశాలలు తప్పనిసరి చేశాయి. దానికి సాధారణ మార్గంలో గడచిన రెండేళ్లలో 1,750 గంటలు, అందులో చివరి ఏడాది 875 గంటలు, తీవ్ర అనారోగ్యంలో ఉన్న రోగుల పక్కన నేరుగా పనిచేసి ఉండాలి.

మార్కుల విషయంలో కళాశాలలు సాధారణంగా నాలుగుకు కనీసం 3.0 గ్రేడు సగటు అడుగుతాయి. పోటీలో నిలిచేవారికి 3.5 చుట్టూ ఉంటుంది. మీ 68 శాతాన్ని చూసుకుని దిగులు పడకండి. మన ప్రథమ శ్రేణి మార్కులు అక్కడి మూల్యాంకనంలో మామూలుగా మంచి గ్రేడుగానే మారతాయి. నేను గట్టిగా చెప్పదలచుకున్నది కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ గురించి. అనేక కళాశాలలు వీటిని, వాటితోపాటు అనాటమీ, ఫిజియాలజీలను ఇటీవలి కాలంలో చదివి ఉండాలని కోరతాయి. మీ చదువు పాతబడిందనిపిస్తే అక్కడి కమ్యూనిటీ కళాశాలలో ఒకటి రెండు సబ్జెక్టులు మళ్లీ చదివి మంచి గ్రేడు తెచ్చుకుంటే, దరఖాస్తుకు కొత్త బలం వస్తుంది. జీఆర్ఈ మాత్రం కొన్ని కళాశాలలే అడుగుతాయి.

వీటితోపాటు ఒక సీఆర్ఎన్ఏ వెంట థియేటర్‌లో ఒకటి రెండు రోజులు ఉండి పని చూడాలి, పైఅధికారుల సిఫారసు లేఖలు కావాలి. ఆపై ఇంటర్వ్యూ. అక్కడ మీ సేవాభావం గురించి కంటే మందుల గురించే ఎక్కువగా అడుగుతారనుకోండి. మీరు రోజూ పంపులో పెట్టే నార్‌అడ్రినలిన్‌ను వారు నార్‌ఎపినెఫ్రిన్ అంటారు. అది ఏ రిసెప్టర్ మీద పనిచేసి రక్తనాళాలను బిగిస్తుంది, ఫినైలెఫ్రిన్ ఇచ్చినప్పుడు రక్తపోటు పెరుగుతూనే గుండె వేగం ఎందుకు తగ్గుతుంది, ఈ ఏబీజీ (రక్తంలోని వాయువుల పరీక్ష) రిపోర్టు చూసి వెంటిలేటర్‌లో ఏం మారుస్తారు వంటి ప్రశ్నలకు కారణంతో సహా జవాబు చెప్పగలగాలి. డాక్టరు ఆర్డరు రాశారు కాబట్టి ఇచ్చాను అన్న అలవాటు మన ఐసీయూల్లో బాగా పాతుకుపోయింది. రేపటి డ్యూటీ నుంచే ప్రతి మందుకూ "ఇది ఎందుకు, ఎంత, ఇవ్వకపోతే ఏమవుతుంది" అని మీ ఐసీయూ వైద్య నిపుణుడిని (ఇంటెన్సివిస్టు) అడిగి తెలుసుకోండి. బెంగళూరులో మిగిలిన ఈ కొద్ది నెలల్లో ఇంతకు మించిన తయారీ లేదు.

ఎంఎస్సీ గురించి ఒక మాట. 2022 జనవరి నుంచి ఈ కోర్సులో చేరేవారందరూ డాక్టరేట్ స్థాయిలోనే చేరుతున్నారు. బ్యాచిలర్ డిగ్రీ నుంచి నేరుగా ఆ స్థాయికి వెళ్లే దారి ఉంది. కోర్సు కాలం మూడేళ్లు, క్లినికల్ శిక్షణే కనీసం 2,000 గంటలు. ఆ మూడేళ్లూ ఉద్యోగం చేయడం దాదాపు అసాధ్యం, ఫీజు లక్ష డాలర్లు దాటడం మామూలే. కన్సల్టెన్సీకి కట్టాలనుకున్న డబ్బును ఎన్‌క్లెక్స్ ఖర్చులకు ఉంచుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి ప్లస్ టూ పూర్తి చేసింది. ఇక్కడ బీఎస్సీ ఆపరేషన్ థియేటర్ అండ్ అనస్థీషియా టెక్నాలజీలో సీటు వస్తోంది. అది చదివితే అమెరికాలో నర్స్ అనస్థీటిస్ట్ కావచ్చా?
— ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

జవాబు: కుదరదండీ. ఆ కోర్సు చదివినవారు మత్తు యంత్రాలను, మానిటర్లను సిద్ధం చేసి మత్తు డాక్టరుకు సహాయపడతారు. అది గౌరవమైన కొలువు, పెద్ద ఆసుపత్రుల్లో అవసరమైనది కూడా. కానీ ఆ డిగ్రీతో నర్సుగా రిజిస్ట్రేషన్ రాదు, నర్సు లైసెన్సు లేనిదే పైన చెప్పిన దారిలో మొదటి అడుగే పడదు. అమ్మాయి మనసు నిజంగా సీఆర్ఎన్ఏ మీదే ఉంటే, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, తమిళనాడు నర్సింగ్ కౌన్సిల్ రెండింటి గుర్తింపూ ఉన్న కళాశాలలో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో చేర్చండి. మన దేశంలో నర్సులు స్వతంత్రంగా మత్తు ఇచ్చే ఏర్పాటు లేదు. అందుకే, అమెరికా ప్రయాణం కుదరకపోయినా ఇక్కడే ఐసీయూలో ఎదగాలనుకుంటే, ఒక సంవత్సరం అనుభవం తరువాత చేసే రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే పీజీ కోర్సు ఉంది. థియేటర్ టెక్నాలజీ సీటుకు ఫీజు కట్టే గడువు దగ్గర పడకముందే, నర్సు పనిలో ఉండే రాత్రి డ్యూటీలు, రోగి శరీర శుభ్రత వంటి సేవలు తనకు సమ్మతమేనా అని అమ్మాయినే అడగండి.