ఐడియాల జాబితా రాసే ముందు

తమ్ముడికి,

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి మన తెలుగు సాఫ్ట్‌వేర్ బృందం తరఫున ఐడియాల జాబితా (విద్యార్థులు ఎంచుకునే ప్రాజెక్టుల పట్టిక) తయారుచేసే పని నువ్వు నెత్తికెత్తుకున్నావని విని చాలా సంతోషించాను. కొత్తవాళ్లు వేసవిలో ఓపెన్‌సోర్స్ సంస్థలకు కోడ్ రాస్తే గూగుల్ డబ్బిచ్చే ఆ కార్యక్రమానికి మనం పెట్టే దరఖాస్తులో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ జాబితానే. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఐడియాలు అడగకు, విద్యార్థికి దారి చూపే మెంటర్లను వెతుకు. "మే నుంచి ఆగస్టు దాకా వారానికి ఐదారు గంటలు ఇవ్వగలరా?" అని ఒక్కొక్కరినీ విడిగా ఫోన్ చేసి అడుగు. "చూద్దాంలే" అన్నవాళ్ల పేరు రాయొద్దు. ఒక్కో ఐడియాకి ఇద్దరు ఉండాలి. ఒకరికి ఆఫీసులో రిలీజ్ వచ్చినా, ఇంట్లో పెళ్లి పడినా విద్యార్థి కోడ్ చూసేవాళ్లు లేక కూర్చోకూడదు. మెంటర్ దొరకని ఐడియా ఎంత గొప్పదైనా ఈ ఏటికి పక్కన పెట్టేయ్.

ఎవరో ఒకరు "తెలుగు ఓసీఆర్‌ని (స్కాన్ బొమ్మలోని అక్షరాలను చదివే సాఫ్ట్‌వేర్‌ని) మెరుగుపరచాలి" అని రాసిస్తారు. దాన్ని అలాగే పెట్టకు, అది ఒక వేసవిలో తేలే పని కాదు. వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో పాత పుస్తకాలు దిద్దేవాళ్లను అడుగు, ఎక్కడ విసుగొస్తోందో చెబుతారు. టెస్సరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ 'మ'ని 'య'గా, 'ప'ని 'వ'గా చదివిన చోట్లు దిద్దలేక చస్తున్నామంటే, ఐడియా దొరికినట్టే. ఇద్దరు సరిచూసి ఆకుపచ్చ గుర్తు పెట్టిన పేజీలు అక్కడ ఉన్నాయి. ఆ పాఠాన్ని ఓసీఆర్ పాఠంతో పోల్చి, ఏ అక్షరం ఎక్కువగా దేనిగా మారుతోందో లెక్కగట్టి, దిద్దేవాళ్లకు అనుమానపు మాటలను రంగులో చూపించే పరికరం రాయమను. చివరికి ఏం పనిచేయాలో విద్యార్థికీ మెంటర్‌కీ ఒకేలా అర్థమవుతుంది. 90, 175, 350 గంటల ప్రాజెక్టుల్లో ఇది 175 గంటల్లోకి వస్తుంది. కావలసిన నైపుణ్యాలు, కష్టం స్థాయి, ఆశించే ఫలితం కూడా రాయి. డాక్యుమెంటేషన్ మాత్రమే రాసే పని ఆ కార్యక్రమంలో కుదరదని గుర్తుంచుకో. మన తర్వాతి విడుదల ఆధారపడి ఉన్న పనిని విద్యార్థి మీద వేయకు, ఆలస్యమైతే ఇద్దరికీ టెన్షన్.

జాబితా బయటికి వెళ్లేలోగా, మన కోడ్ ఎన్నడూ చూడని ఒక కాలేజీ పిల్లాడితో మామూలు విండోస్ ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేయించి చూడు. రీడ్‌మీలో (ఇన్‌స్టాల్ సూచనల ఫైలులో) ఎక్కడ ఆగిపోతాడో అక్కడ సరిచేయి. ప్రతి ఐడియా పక్కన రెండు మూడు చిన్న బగ్‌లు పెట్టు. ఈ రోజుల్లో ప్రపోజల్ (ఏం చేస్తానో విద్యార్థి రాసిచ్చే ప్రతిపాదన) ఎవరైనా అందంగా రాయించుకోగలరు. చిన్న ప్యాచ్ (కోడ్ సవరణ) పంపి, రివ్యూలో అడిగినదానికి జవాబిచ్చే తీరులోనే కోడ్ చదివినవాళ్లెవరో తెలుస్తుంది. ఆ సంభాషణకు నేను ప్రపోజల్ కంటే ఎక్కువ విలువిస్తాను.

గూగుల్ ఎన్ని స్లాట్లు (విద్యార్థుల స్థానాలు) ఇస్తుందో మన చేతిలో లేదు. ఎంపిక కాని పిల్లలకు ప్రపోజల్‌లో ఏది బాగుందో, ఏది తగ్గిందో రెండు వాక్యాలు రాయి. మన దగ్గరే ఉండి పనిచేస్తామనేవాళ్లు వాళ్లలోనూ ఉంటారు, వాళ్లకూ మెంటర్‌ను చూపించు.

సంస్థల దరఖాస్తులు సంక్రాంతి తర్వాత వేగం అందుకుంటాయి. నీ ముసాయిదా డిసెంబరులోనే నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య