హాజరు పట్టీలో శవం

కథల కొట్టం: పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

ఈసారి కొట్టానికి వచ్చిన ఉత్తరాలు చాలావరకు జాంబీల గురించే. రాసినవాళ్ళలో ఇంటర్, డిగ్రీ పిల్లలే ఎక్కువ. చచ్చినోళ్ళు లేచొచ్చే కథలు రాస్తున్నారు. భయపెట్టడానికి కాదు, నవ్వించడానికి. ఇంట్లో పెద్దవాళ్ళకు ఇది మింగుడుపడటం లేదని కూడా కొన్ని ఉత్తరాలు చెబుతున్నాయి. కడపలో ఏళ్ళ తరబడి జూనియర్ కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, నాకు మాత్రం ఈ ఉత్తరాలు చూసి ప్రాణం లేచొచ్చింది. కడుపులో ఉన్న కోపాన్ని మన సీమ పిల్లలు కథగా మలుచుకుంటున్నారు. ఈ నెల చోటంతా వాళ్ళదే.

ప్రశ్న: అక్కా, నేను అనంతపురంలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతున్నా. నా కథలో పక్క మంచం అమ్మాయి రాత్రి చచ్చిపోయి, తెల్లారి నాలుగున్నరకు లేచి స్టడీ అవర్‌కు వచ్చి కూర్చుంటుంది. ఎవరూ కనిపెట్టరు. బయోమెట్రిక్ మిషన్ ఒక్కటే కనిపెడుతుంది, వేలు చల్లగా ఉందని తీసుకోదు. అక్కడ ఆగిపోయినా. ఫ్రెండ్స్ చదివి 'కొరికేది ఎప్పుడు?' అని అడుగుతాండారు. కొరికించాల్నా అక్కా?
– ఇంటర్ విద్యార్థిని, అనంతపురం

జవాబు: కొరికించొద్దు బిడ్డా. కొరకడం జాంబీకి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. జాంబీ పుట్టిల్లు కరీబియన్ సముద్రంలోని హైతీ. ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలతో ఫ్రెంచివాళ్ళు అక్కడ చెరకు పండించారు. ఆ బానిసలు తిరగబడి 1804లో సొంత దేశం తెచ్చుకున్నారు. అయినా పాత భయం జనం కథల్లో ఉండిపోయింది. చచ్చినా విడుదల లేదని, మంత్రగాడు గోరీలోంచి లేపి మళ్ళీ చేనికే తోలుతాడని. హైతీ అమెరికా సైన్యం చేతిలో ఉన్న రోజుల్లో విలియం సీబ్రూక్ అనే అమెరికా రచయిత అక్కడికి పోయి, 1929లో ఒక పుస్తకం అచ్చేశాడు. చక్కెర కంపెనీ తోటల్లో శవాలు కూలికి పోయే కథ అందులో ఉంది. ఆ కూలి శవాలకు అందదు, తోలుకొచ్చినవాడి చేతికి పోతుంది. మనుషుల్ని పీక్కుతినే గుంపు ఆ తర్వాత ఎప్పటికో, 1968లో జార్జ్ రొమేరో తీసిన సినిమాతో వచ్చింది.

కాబట్టి ముందు పుట్టింది పనిచేసే శవం. నీ పక్క మంచం అమ్మాయి ఆ వంశంలోది. ఆమెకు పళ్ళతో పని లేదు, పుస్తకం చాలు.

ఇప్పుడు మిషన్ దగ్గరికి వద్దాం. నీ కథకు ప్రాణం అక్కడే ఉంది. వేలు పెడుతుంది, ఎర్రలైటు. మళ్ళీ పెడుతుంది, ఎర్రలైటు. నువ్వు వెంటనే 'వార్డెన్ కెవ్వుమని అరిచింది' అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్. వార్డెన్ అరిస్తే ఇది మామూలు దయ్యం కథ అయిపోతుంది. ఆమె ఆ వేలిని తన కొంగుతో తుడవాలి, రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దాలి, 'చలికి అట్లే ఉంటాది లేమ్మా' అని రిజిస్టర్ తీసి చేత్తో హాజరు వెయ్యాలి. ఆ నిమిషంలోనే ఇంట్లో అమ్మానాన్నల ఫోనుకు 'మీ అమ్మాయి ఈరోజు హాజరు' అని మెసేజ్ పోవాలి. ఇంక కథ తనంతట తనే నడుస్తుంది. ఆ పిల్లకు నిద్ర రాదు, ఆకలి వెయ్యదు, ఇంటికి పోతానని ఏడవదు. ఆదివారం పరీక్షలో ర్యాంకు పెరుగుతుంది. లెక్చరర్ ఆమెను నిలబెట్టి 'చూసి నేర్చుకోండి' అంటాడు. నెల తిరిగేసరికి మిగతా పిల్లల తల్లులు ఆఫీసు ముందు నిలబడి 'మా పాపకు గూడా అట్ల చెయ్యండి సార్' అని బతిమాలుతారు. అక్కడ చదివేవాడు నవ్వుతాడు, నవ్వినాక వాడికి గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

వార్డెన్‌ను మాత్రం రాక్షసిని చెయ్యకు. ఆమె కూడా నాలుగింటికే లేచిన మనిషి. ఆమె కళ్ళు ఎట్లా ఉన్నాయో ఒక్క వాక్యం రాయి.

ఇంకో సంగతి చెప్తా, నీకు పనికొస్తుంది. హైతీ కథల్లో జాంబీకి ఉప్పు పెట్టకూడదు. ఉప్పు నాలుకకు తగిలిందా, తను చచ్చిపోయిన సంగతి దానికి గుర్తొస్తుంది, లేచి నేరుగా గోరీకి నడుస్తుంది. సీబ్రూక్ రాసిన కథలో తోటలో కూలికి పోయే ఆ శవాలకు ఒకామె జాలిపడి మిఠాయి కొనిపెడుతుంది. బెల్లపు మిఠాయే కదా అనుకుంటుంది. అందులో కలిపిన గింజలకు ముందే ఉప్పు పట్టించి ఉన్నారు. అంతే, అందరూ ఒక్కసారిగా లేచి కొండల్లోని తమ ఊరివైపు నడక మొదలుపెడతారు. అనంతపురం పిల్లవి, నీకు దీనికంటే ఏం కావాల? హాస్టల్ సాంబారులో ఉప్పు ఉండదని నువ్వే మొదటి పేజీలో రాశావు. ఔటింగ్ ఆదివారం అమ్మ స్టీలు డబ్బాలో శెనక్కాయ ఉంటలు తెస్తుంది. ఆ కాయలు ఉప్పునీళ్ళు చల్లి వేయించినవి. ఆ తర్వాత ఏం జరగాలో నీ ఇష్టం, నేను చెప్పను.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆ అమ్మాయి ఎట్లా చనిపోయిందన్నది నవ్వులాట చెయ్యొద్దు, ఎట్లా జరిగిందో వర్ణించనే వద్దు. ఇంటర్ ఫలితాల రోజుల్లో పేపర్లలో ఏం వస్తుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నీ దెబ్బ ఆ రిజిస్టర్ మీద పడాలి, ఆ బిడ్డ మీద కాదు. నీ కథలోని అలసట నీదే అయితే దాన్ని కాయితం మీదే వదిలెయ్యకు. ఇంట్లో ఎవరికైనా చెప్పు. 14416 అని టెలి మానస్ నంబరు ఉంది, మనసు బాగాలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడటానికి. ప్రభుత్వానిదే, డబ్బు కట్టే పని లేదు. రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడతారు. ఈ నంబరు నీ స్నేహితురాళ్ళక్కూడా రాసివ్వు.

ప్రశ్న: మేడమ్, మాది పత్తికొండ దగ్గర పల్లె. కర్నూలులో డిగ్రీ చదువుతున్నాను. నా కథలో జాంబీలు కర్నూలు మీదికి వస్తే మనవాళ్ళు వేటకొడవళ్ళతో సుమోల్లో దిగి కొండారెడ్డి బురుజు దగ్గర నరికేస్తారు. క్లాసులో అందరూ పగలబడి నవ్వారు. ఇంట్లో చదివితే మా తాత మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. ఎందుకో చెప్పలేదు.
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: తమ్ముడూ, మీ తాత ఎందుకు లేచాడో ఆయన్నే అడుగు. ఆ పక్క పల్లెల్లో ఆ వయసువాళ్ళకు కొడవలి అంటే సినిమా వస్తువు కాదు. ఎవరి వాకిట్లోనో చూసిన నెత్తురు గుర్తొచ్చి ఉండొచ్చు. మనల్ని కొడవళ్ళ మనుషులుగా చూపించి తెలుగు సినిమా ఏళ్ళ తరబడి డబ్బు చేసుకుంది. 2021లో ఒక సినిమా జాంబీలను కర్నూలు వైపు కూడా తీసుకొచ్చింది. మళ్ళీ అదే బొమ్మ నువ్వెందుకు గీయాలి? క్లాసులో నవ్వు వచ్చింది నిజమే. ఆ నవ్వు నువ్వు పుట్టించింది కాదు, ముందే వాళ్ళ నోట్లో ఉన్నది.

జాంబీ వ్యంగ్యంలో శవం అమాయకురాలు. బతికున్నవాళ్ళు ఆ శవంతో ఎట్లా నడుచుకుంటారన్నదే కథ. మీ ఇంట్లోనే వెతుకు. మీ చేను పాసుపుస్తకం ఎవరి పేరు మీద ఉంది? మన పల్లెల్లో ఎన్నో ఇళ్ళల్లో అది ఎప్పుడో పోయిన ముత్తాత పేరునే ఉంటుంది. సరే, ఆ ముత్తాత ఒక తెల్లవారుజామున చేని గట్టు మీదనుంచి లేచి ఇంటికొచ్చాడనుకో. ఎవరూ పరుగెత్తరు. పెద్దకొడుకు మంచం వాలుస్తాడు, రెండోవాడు చెంబుతో నీళ్ళు తెచ్చి ముసలాయన బొటనవేలికి అంటిన మన్ను కడుగుతాడు, మూడోవాడు అప్పటికే ఇంకు ప్యాడు మూత తీసి పట్టుకుని ఉంటాడు. ఆయన నోరు తెరిచి 'వానలు పడినాయా?' అంటే ఒక్కడూ జవాబు చెప్పడు. వీఆర్వో దగ్గరికి తోలుకుపోతే ఆయన కాయితాలు తిరగేసి 'మనిషి ఎదురుగా ఉంటే వారసుల పేరుకు ఎట్ల మారుస్తాం, చనిపోయినట్టు సర్టిఫికెట్ తెండి' అంటాడు. కోపంగా కాదు, ఎంతో ఓపిగ్గా, మర్యాదగా. అప్పుడు ఆ ముసలాయనకు మళ్ళీ చావడం ఒక ఆఫీసు పని అయిపోతుంది.

ఇంత విడ్డూరం ఎక్కడన్నా ఉంటుందా అంటావేమో. ఉంది. ఉత్తరప్రదేశ్ ఆజంగఢ్ జిల్లా రైతు లాల్ బిహారీ బ్యాంకు అప్పు కోసం పోతే, రికార్డుల్లో ఆయన చనిపోయి ఉన్నాడని తేలింది. భూమి కోసం బంధువులు అట్లా రాయించారు. 1975 నుంచి 1994 దాకా ఆయన సర్కారు లెక్కలో శవమే. పేరు చివర 'మృతక్', అంటే చనిపోయినవాడు, అని చేర్చుకున్నాడు, తన భార్యకు వితంతు పింఛను ఇవ్వమని అర్జీ పెట్టాడు, బతికున్నట్టు రుజువు కావాలని ఎన్నికల్లో నిలబడ్డాడు. తనలాంటివాళ్ళను పోగేసి 'మృతక్ సంఘ్' పెట్టాడు. 2003లో ఆయనకు ఇగ్ నోబెల్ శాంతి బహుమతి కూడా ఇచ్చారు. అది అసలు నోబెల్ కాదు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకు ఇచ్చేది. నాకు ఆ మనిషంటే ఎంత గౌరవమో చెప్పలేను. ఆయన బతుకు చదివి, మీ తాత పక్కన కూర్చుని, పాసుపుస్తకం సంగతులు అడుగుతూ ఈ కథ మళ్ళీ రాయి. ఈసారి ఆయన మధ్యలో లేచిపోడు, నువ్వు తప్పు రాసినచోట దిద్దుతాడు.

ప్రశ్న: అమ్మా, మా పిల్లోడు తొమ్మిదో తరగతి. ఎప్పుడు చూసినా శవాల కథలు చదివి నవ్వుతాంటాడు. మా మామ పోయి ఇంకా సంవత్సరీకం కూడా కాలేదు. వీనికి మనసు రాయి అయిపోయిందేమోనని భయంగా ఉంది.
– గృహిణి, కడప

జవాబు: భయపడొద్దమ్మా. మీ మామగారు పోయిన రాత్రి భజన చేసేవాళ్ళు వచ్చి ఉంటారు. తెల్లవార్లూ పాటల నడుమ ఆయన చేసిన చిలిపి పనులు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, ఏడ్చి ఏడ్చి ఉన్నవాళ్ళు కూడా నవ్వే ఉంటారు. మీ అబ్బాయి ఆ రాత్రి అక్కడే ఉన్నాడు కదా. పుస్తకం లాక్కోకుండా, ఏ పేజీ దగ్గర నవ్వు వచ్చిందో చదివి వినిపించమనండి. ఆ కథలో చచ్చినవాళ్ళను వెక్కిరిస్తున్నారో, వాళ్ళను అడ్డం పెట్టుకుని బతికినవాళ్ళను అడుగుతున్నారో మీకే తెలిసిపోతుంది. మొదటిదైతే నాకు రాయండి, వాడికి వేరే పుస్తకాలు చెప్తాను. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు తాతను గురించి నేరుగా మాట్లాడలేరు. శవాల కథ వాడికి ఒక గవిని కావొచ్చు, ఆ దారిన మీరు లోపలికి పోవచ్చు.

ప్రశ్న: మనకు బేతాళుడు ఉండగా ఈ పరాయి జాంబీ ఎందుకు? పిల్లలకు మన కథలే చెప్పకూడదా?
– ఉపాధ్యాయుడు, ఆదోని

జవాబు: తప్పకుండా చెప్పండి సార్. 11వ శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చేర్చిన ఆ కథలు 1947లో మొదలైన చందమామ ద్వారా మా తరానికి అందాయి, నేనూ వాటితోనే పెరిగాను. అయితే ఆ రెంటినీ ఒకే గాటన కట్టలేం. బేతాళుడు శవంలో దూరి, రాజుకంటే తెలివిగా ప్రశ్నలేస్తాడు. జాంబీకి ఆ తెలివినే లాగేశారు. మన బేతాళుడి దగ్గర పిల్లలు నేర్చుకోవాల్సింది వేరే ఉంది. విక్రమార్కుడికి జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి చెక్కలవుతుంది, చెబితే నోరు విప్పినందుకు శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఎటుపోయినా ఇరుకే. ఆ నియమం ఒక్కసారి కూడా సడలదు కాబట్టే, శవం కథ చెప్పడం అనే అసాధ్యాన్ని మనం నమ్ముతాం. మా కొట్టానికి వచ్చే విడ్డూరపు కథల్లో ఎక్కువ భాగం చెడేది ఇక్కడే. మొదటి పేజీలో జాంబీకి మాటలు రావు, మూడో పేజీలో పంచ్ డైలాగు చెబుతుంది. మీ తరగతిలో పిల్లలతో శవానికి ఒకే ఒక్క నియమం రాయించండి. సంతకం పెట్టమంటే కాదనలేదు అనో, రేషన్ షాపు వరసలో ఉన్నంతసేపే నిలబడగలదు అనో. కథ అయిపోయేదాకా దాన్ని తప్పకూడదని చెప్పండి. బేతాళుడూ జాంబీ ఇద్దరూ మీ తరగతిలో ఇముడుతారు.

ప్రశ్న: అక్కా, జాంబీలు పరిగెత్తాలా, మెల్లగా నడవాలా? నా కథ ప్రొద్దుటూరు బజారులో జరుగుతుంది.
– పాలిటెక్నిక్ విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: మెల్లగా నడవనీ. 2002లో వచ్చిన ఒక బ్రిటిష్ సినిమా తర్వాత పరుగు బాగా పాకింది గానీ, అందులో పరిగెత్తేవాళ్ళు అసలు శవాలే కాదు, వైరస్ సోకిన మనుషులు. పరిగెత్తితే జనం పారిపోవాల్సిందే, వేరే దారి ఉండదు. మెల్లగా వస్తే వాళ్ళకు ఆలోచించుకునే సమయం దొరుకుతుంది. ఉన్న సమయంలో ఎవరు ఏం చెయ్యలేదన్నది నీకు కావాల. మే నెల ఎండలో, షాపులన్నీ సగం షట్టర్లు దించిన మధ్యాహ్నం, బజారు ఆ కొసన శవం కనబడుతుంది. టీ కొట్టాయన గ్లాసులు కడుక్కుంటూ 'ఇంకా దూరముందిలే' అంటాడని నువ్వే మూడో పేజీలో రాశావు. కథ అక్కణ్ణుంచే మొదలుపెట్టు. ముందున్న రెండు పేజీలూ తీసెయ్, వైరస్ ఏ ల్యాబులో పుట్టిందో నీ బజారుకు అక్కర్లేదు.