తెల్లటి చుక్కలన్నీ ఈపులు కావు

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల అమ్మాయి కొన్నాళ్లుగా తల గోక్కుంటోంది. చెవుల వెనక వెంట్రుకలకు తెల్లటి చుక్కలు కనిపిస్తున్నాయి. పాయలు తీసి ఎంత వెతికినా ఒక్క పేను కూడా దొరకలేదు. ఇది చుండ్రా, పేలా? మందు పెట్టవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: దురదను బట్టి పేలు ఉన్నాయనీ చెప్పలేం, లేవనీ చెప్పలేం. పేను రక్తం పీల్చేటప్పుడు చర్మంలోకి చేరే దాని లాలాజలం పడకపోవడం వల్ల దురద పుడుతుంది కాబట్టి, మొదటిసారి పేలు పట్టినవారికి అది మొదలు కావడానికి 4 నుంచి 6 వారాలు కూడా పట్టవచ్చు. కొందరికైతే అసలు దురదే ఉండదు.

మీరు చూసిన చుక్కను వేలితో తోసి చూడండి. చుండ్రు పొట్టయితే తేలిగ్గా జారి రాలిపోతుంది. ఈపి అయితే వెంట్రుకకు ఒక పక్కన జిగురుతో అతుక్కుని ఉంటుంది, గోళ్లతో పట్టి లాగితే తప్ప రాదు. ఈపి అని తేలినా, అది మాడుకు ఎంత దూరంలో ఉందన్నది ముఖ్యం. పేను మాడుకు ఆనుకునే గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు 7 నుంచి 10 రోజుల్లో పగులుతుంది. ఆ తర్వాత ఖాళీ పెంకు వెంట్రుకతో పాటే పైకి జరుగుతూ వస్తుంది. అందుకే మాడుకు 6 మిల్లీమీటర్లకు మించిన దూరంలో తెల్లగా మెరిసేవి చాలావరకు పాత పెంకులే. మాడుకు దగ్గరగా, కాస్త గోధుమరంగులో ఉన్నవాటినే అనుమానించాలి.

పెద్ద పేను నువ్వుగింజంత ఉన్నా, వెలుతురు పడగానే పక్కకు పాకిపోతుంది కనుక పాయలు తీసి వెతికితే దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు. తల తడిపి, కండిషనర్ రాసి, మెడ వెనక నుంచీ చెవుల వెనక నుంచీ మొదలుపెట్టి, పేలదువ్వెన పళ్లు మాడుకు తగిలేలా ఒక్కొక్క పాయనూ కుదుళ్ల నుంచి చివరి దాకా దువ్వి, ప్రతిసారీ దువ్వెనను తెల్లటి గుడ్డకు తుడిచి చూడండి. కదిలే పేను ఒక్కటి దొరికినా పేలు పట్టినట్టే. దొరకకపోతే మందు పెట్టకండి, కొన్ని రోజులాగి మళ్లీ దువ్వి చూడండి. చుండ్రుకు పేలమందు పెట్టి మాడు మండించుకునేవారు తక్కువేమీ కాదు! గోకిన చోట చీము పట్టినా, మెడ వెనక బిళ్లలు కట్టినా వైద్యుడికి చూపించాలి.

ప్రశ్న: తలలో ఏమీ లేదు, కానీ నడుము చుట్టూ, భుజాల మీద దద్దుర్లు, రాత్రిపూట దురద. ఒంటి పేలంటే ఇవేనా?
- ఒక పాఠకుడు

జవాబు: ఒంటి మీద కాదు, బట్టల కుట్ల లోపల వెతకండి. ఒంటి పేలు కుట్ల మడతల్లోనే ఉండి, అక్కడే గుడ్లు పెట్టి, రక్తం కోసం మాత్రమే చర్మం మీదకు వస్తాయి. ఉతికిన బట్టలు తరచూ మార్చుకునేవారికి ఇవి పట్టడం అరుదు. కుట్లలో ఏమీ కనిపించకపోతే గజ్జి అయి ఉండే అవకాశమే ఎక్కువ కాబట్టి చర్మవైద్యుడిని కలవండి.