జబ్బున్న పిల్లే హీరోయిన్ అయితే కథ ఎలా నడపాలి?

ప్రశ్న: పిల్లల కోసం ఒక సాహస నవల రాస్తున్నానండి. హీరోయిన్‌కి పదకొండేళ్లు, లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్. కొండల్లో తప్పిపోయిన తమ్ముణ్ని వెతకడానికి ఫ్రెండ్‌తో కలిసి బయల్దేరుతుంది. జబ్బు గురించి ఎక్కువ రాస్తే కథంతా హాస్పిటల్ అయిపోతోంది, తగ్గిస్తే అబద్ధంలా ఉంటోంది. చివర్లో నయం చేసెయ్యాలా, చంపెయ్యాలా తేల్చుకోలేకపోతున్నా. మా ఇంట్లోవాళ్లేమో చిన్నపిల్లలకి ఇలాంటి కథలెందుకు అంటున్నారు.

జవాబు: ముందు మీ ఇంట్లోవాళ్ల మాట సంగతి చూద్దాం. మైరా బ్లూబాండ్-లాంగ్నర్ అనే ఆంత్రోపాలజిస్ట్ లుకేమియా వార్డులో పిల్లల మధ్యే కూర్చుని వాళ్లని గమనించి 1978లో ఒక పుస్తకం తెచ్చారు. మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు కూడా, ఎవరూ చెప్పకపోయినా, తాము చనిపోబోతున్నామని తెలుసుకున్నారని, పెద్దవాళ్లు బాధపడతారని తెలియనట్టు నటించారని అందులో రాశారు. అంత బరువు ఒంటరిగా మోసే పిల్లలకి కథలో తమలాంటి ఇంకో పిల్ల కనబడితే మంచిదే కదండీ, కాబట్టి రాయండి.

ఇక కథ. జబ్బునీ సాహసాన్నీ మీరు రెండు డబ్బాల్లో పెట్టుకుని ఏది ఎంత వెయ్యాలా అని తూకం వేస్తున్నారు, అక్కడే ఇబ్బంది అనిపిస్తోంది. సముద్రం కథలో గాలీ ఆటుపోట్లూ ఎలాగో ఈ కథలో తన ఒళ్లు అలాగ, అంటే ప్లాట్ నడిచే రూల్సే అవి. మామూలుగా ఈ ట్రీట్‌మెంట్ రెండు మూడేళ్లు సాగుతుంది, మొదటి నెల చాలా గట్టిగా ఉంటుంది, ఆ టైంలో కొండలెక్కించారంటే ఎవరూ నమ్మరు. మెయింటెనెన్స్ అనే చివరి దశలో మాత్రం రోజూ ఇంట్లోనే మాత్రలు వేసుకుంటూ చాలామంది పిల్లలు స్కూల్‌కి కూడా వెళ్తుంటారు, మీ కథ అక్కడ పెట్టండి. ఆ దశకి జుట్టు మళ్లీ వచ్చేస్తుంది సాధారణంగా, కాబట్టి కవర్ మీద గుండు పిల్ల బొమ్మ వెయ్యనివ్వకండి, అది చూస్తే ఆ దారిలో నడిచిన పిల్లలు వెంటనే పట్టేస్తారు.

విన్‌క్రిస్టిన్ అనే మందు వల్ల కొందరికి కాళ్లల్లో బలం తగ్గి పాదం సరిగ్గా పైకి లేవదు, రాళ్లదారిలో తట్టుకుని పడతారు. స్టెరాయిడ్లు వాడే రోజుల్లో తట్టుకోలేనంత ఆకలి, ఊరికే కోపం, ఏడుపు. ఇద్దరికి సరిపోయే తిండి తను ఒక్కతే తినేసి, అడిగినందుకు ఫ్రెండ్ మీద అరిచిందనుకోండి, గొడవ ఎంత సహజంగా పుడుతుందో చూడండి! అన్నిటికంటే పెద్దది జ్వరం. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు తగ్గిపోయి ఉంటాయి కాబట్టి 38 డిగ్రీల సెల్సియస్ తగిలితే ఆలస్యం చెయ్యకుండా హాస్పిటల్‌కి రావాలని డాక్టర్లు ముందే చెప్తారు. ఇప్పుడు తన బ్యాగ్‌లో థర్మామీటర్ పెట్టండి, తమ్ముడి జాడ దొరికిన రాత్రే అది 38.4 చూపించనివ్వండి, ఫ్రెండ్ నిద్రపోతున్నాడు, నంబర్ చూసింది తను ఒక్కతే. ఇంతకన్నా పెద్ద రాక్షసుడు మీకు అక్కర్లేదు. ఆ నిర్ణయం మాత్రం తననే తీసుకోనివ్వండి, పెద్దవాళ్లెవరో వచ్చి ఎత్తుకుపోయే సీన్ రాశారంటే మీరు ఇన్ని పేజీలు కట్టిన అమ్మాయి ఒక్కసారిగా మూటైపోతుంది.

ముగింపు విషయానికొస్తే, 1911 నాటి పిల్లల నవల 'ది సీక్రెట్ గార్డెన్'లో మంచం దిగని కాలిన్ తోటలోకెళ్లి లేచి నడుస్తాడు, అది కుదిరింది ఎందుకంటే వాడి అసలు జబ్బు భయమే. లుకేమియాకి ఆ మంత్రం పనిచెయ్యదు, మందులు ఆపి ధైర్యంతో నయమైనట్టు దయచేసి రాయొద్దు. చంపితేనే కథ సీరియస్ అవుతుందన్నదీ నిజం కాదు, మంచి వైద్యం అందే చోట పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం లుకేమియా దాదాపు 90 శాతం మందికి నయమవుతోంది. "పోరాడి గెలిచింది" అన్న మాట కూడా తీసెయ్యండి, గెలవని పిల్లలు సరిగ్గా పోరాడలేదా మరి? తమ్ముడు దొరికాడు, ట్రీట్‌మెంట్ ఇంకా ఉంది, రాత్రి మాత్ర వేసుకోవాలి, అక్కడ ఆపినా కథ పూర్తయినట్టే.

ప్రశ్న: మా బాబు ట్రీట్‌మెంట్‌లో ఉన్నాడు, ఇలాంటి పుస్తకం ఇవ్వొచ్చా?

జవాబు: ముందు మీరు చివరిదాకా చదవండి, తర్వాత కథ ఇలాంటిదని చెప్పి వాణ్నే అడగండి. వద్దంటే వదిలేయండి, డ్రాగన్ల కథ కావాలంటే అదే ఇవ్వండి, జబ్బు లేని లోకంలో కాసేపు తిరగడం కూడా వాడికి కావాలి. చదువుతూ "నాకూ ఇలా అవుతుందా" అంటే మాట మార్చకండి, ఏం అనుకుంటున్నావు నాన్నా అని అడిగి విని, అడిగినదానికి మాత్రం నిజం చెప్పండి. చిన్నపిల్లలు కొందరు ఏదో తప్పు చేసినందుకే జబ్బొచ్చిందనుకుంటారు, వాడు అడగకపోయినా అది మాత్రం కాదని మీరే చెప్పండి.