ఇందిర మీద తగువు

విజయనగరం
ఆదివారం రాత్రి

చి.ల.సౌ. మేనకోడలికి అత్త ఆశీస్సులు.

"ఇక మేమిద్దరం కలిసి ఏ నవలా చదవం అత్తా" అని నిన్న నువ్వు ఫోను పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లోనే చెబుదామంటే నువ్వు మధ్యలో అందుకుంటావు, నాకు చెప్పాల్సింది జారిపోతుంది. అందుకే కాగితం తీశాను. చదివాక మీ ఆయనకి ఇవ్వాలనిపిస్తే ఇవ్వు, లేదంటే నీ దగ్గరే ఉంచుకో.

నవలలోని ఒక మనిషి కోసం మొగుడూ పెళ్ళాలు రెండు రోజులు మాటలు మానెయ్యడం చిన్న విషయమని నేననుకోను. ఇద్దరూ మనసు పెట్టి చదివారు కాబట్టే అంత దూరం వచ్చింది. మీ చేతిలో పడ్డ పుస్తకమూ అలాంటిదే. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు' 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చి, 1958లో పుస్తకమైంది. ఆవిడ 1961లో, చిన్న వయసులోనే పోయారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అందులోని ఇందిర పేరెత్తితే చాలు, ఇళ్ళల్లో రెండు పక్షాలు తయారవుతున్నాయి.

నువ్వు చెప్పినదాన్ని బట్టి జరిగింది ఇది. ఇందిర తన సుఖం తప్ప ఇంకోటి చూడదనీ, కల్యాణికి దగ్గరవుతున్న ప్రకాశాన్ని తన వైపు తిప్పుకుందనీ అతను అన్నాడు. ఉద్యోగం చేసి ఇల్లు నెట్టుకొచ్చే పిల్ల తనకంటూ కాస్త సంతోషం కోరుకుంటే తప్పేమిటని నువ్వన్నావు. ఇంతవరకూ బాగానే ఉంది. రెండు మాటలకీ పుస్తకంలో ఆధారం ఉంది. శ్రీదేవి ఇందిర తప్పుల మీద ముసుగు కప్పలేదు, ఆ తప్పులకి శిక్షా వెయ్యలేదు. ఆ తర్వాత అతను ఇందిర తండ్రి ఆనందరావు గురించి "కూతురి జీతం మీద పడి తినే మనిషి" అన్నాడు. నువ్వు లేచి లోపలికి వెళ్ళిపోయావు.

తల్లీ, అతను అన్నది ఆనందరావుని. నువ్వు విన్నది మీ నాన్నని.

నెలనెలా నువ్వు మా తమ్ముడికి పంపే డబ్బు సంగతి నాకు తెలుసు. నీ కష్టార్జితం, నీ ఇష్టం. నేను కాదనను. కానీ ఆ సంగతి మీరిద్దరూ ఒక్కసారైనా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారా? లేదనే నా అనుమానం. మాట్లాడుకోని సంగతి ఇంట్లో ఏదో ఒక మూల నుంచి బయటికొస్తుంది. మీ ఇంట్లో ఇందిర పేరు మీద వచ్చింది. డబ్బు మాటని డబ్బు మాటగానే, వేరే రోజున, పుస్తకం దగ్గర పెట్టుకోకుండా తేల్చుకోండి. అతని మనసులో నిజంగా అలాంటిది ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. ఈ లోపల ఆనందరావుని ఆనందరావుగానే ఉండనియ్యి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ దారిలో నేను ఇంతకన్నా పెద్ద తప్పు చేశాను.

మా పెళ్ళయిన కొత్తలో మీ మామయ్య గుమస్తా, నేను బడిలో పంతులమ్మని. పుస్తకాలు కొనే స్తోమత లేదు. అద్దె పుస్తకాల కొట్లో రోజుకి ఇంతని ఇచ్చి తెచ్చుకునేవాళ్ళం. రాత్రి ఆయన చదివేవారు, బడి నుంచి వచ్చాక దీపాలు పెట్టేవరకూ నేను చదివేదాన్ని. ఒకసారి రావిశాస్త్రి 'అల్పజీవి' తెచ్చుకున్నాం. అందులో సుబ్బయ్య అనే గుమస్తా ఉంటాడు. ఆఫీసులో భయం, ఇంట్లో భయం, ఎవరు గొంతు పెంచితే వాళ్ళకి లొంగిపోతాడు. బావమరిది పోరు పడలేక కాంట్రాక్టరు గవరయ్య దగ్గర అప్పు చేసి, ఆ అప్పు తలుచుకుని క్షణక్షణం చస్తాడు. సరిగ్గా ఆ వారంలోనే ఆఫీసులో ఎవరో చేసిన పొరపాటు మీ మామయ్య నెత్తిన రుద్దారు. ఆయన నోరెత్తలేదు. ఇంటికొచ్చి నాకు చెప్పుకున్నారు. నేను అన్నం వడ్డిస్తూ, "సుబ్బయ్య మన ఇంట్లోనే ఉన్నాడన్నమాట" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, చొక్కా తొడుక్కుని వెళ్ళి పుస్తకం కొట్లో ఇచ్చేసి వచ్చారు. అప్పటికి ఆయన సగంలో ఉన్నారు. తర్వాత చాలా నెలలు మా ఇంటికి నవల రాలేదు. నేను తెచ్చినా ముట్టుకోలేదు. నాకు కాక ఇంకెవరికీ చెప్పుకోలేని కష్టం ఆయన నాకు చెప్పుకున్నారు. రావిశాస్త్రి అంత జాలిపడి తయారుచేసిన మనిషిని నేను తిట్టుగా వాడాను. తప్పయిందని ఆయనతో చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాది ఇంట్లో ఎలా గడిచిందో తలుచుకుంటే ఈ రోజుకీ కడుపులో దేవినట్టుంటుంది.

అందుకని, అమ్మడూ, పుస్తకంలోని మనిషి పేరుతో ఎదుటి మనిషిని పిలవకు. మెచ్చుకోలుకైనా వద్దు. ఇవాళ మెచ్చుకోలుగా పెట్టిన పేరు రేపు కోపం వచ్చినప్పుడు నాలిక మీదే ఉంటుంది. పోలిక కనిపించిందా, నీ గురించి నువ్వు చెప్పుకో. "ఈ పేజీలో నాకు నేనే కనిపించాను" అంటే అతను దగ్గరికొచ్చి వింటాడు. మొన్న నువ్వు లేచి వెళ్ళిపోకుండా "ఈ మాట నాకు మా నాన్నని గుర్తుచేసింది, గుచ్చుకుంది" అని ఉంటే, అతనికి అసలు సంగతి తెలిసేది. ఇప్పుడైనా చెప్పొచ్చు. పాపం, తనేం చేశాడో అతనికి ఈ రెండు రోజులుగా అర్థమై ఉండదు.

చదవడంలో కూడా కొన్ని పద్ధతులు పెట్టుకుంటే మేలు. మేము ఒకే పుస్తకానికి రెండు గుర్తులు పెట్టుకునేవాళ్ళం. ఆయనది బస్సు టికెట్టు, నాది జడ రిబ్బను ముక్క. ఎవరి గుర్తు వెనకపడి ఉందో అక్కడివరకే మాట. ముందు చదివినవాళ్ళు కథ చెప్పెయ్యడం ఒక్కటే కాదు, "ముందుంది చూడు" అని నవ్వడం కూడా ఎదుటివాళ్ళ చదువుకి అడ్డే. పూర్తయ్యాక ఒక రాత్రి ఆగేవాళ్ళం. పుస్తకం మూసిన నిమిషంలో వచ్చే మాటల్లో ఆవేశమే ఎక్కువ. మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర కూడా మనసులో నిలిచి ఉన్నదే నిజంగా మిగిలింది.

"ఎలా ఉంది?" అని మాత్రం అడక్కు. ఆ ప్రశ్నకి "బాగుంది" అన్న జవాబు తప్ప ఇంకోటి రాదు. "ఎక్కడ పుస్తకం పక్కన పెట్టేశావు?" అని అడుగు. మనిషి చదువుతూ చదువుతూ ఆగిపోయి, కిటికీలోంచి చూసిన చోటు ఒకటుంటుంది. అది చెప్పించగలిగితే చాలు. ఆ పేజీ తెరిచి చదివించుకో కూడా. పేజీ తెరిచి ఉన్నంతసేపు గొంతులు లేవవు. మూసేశాకే ఎవరి జ్ఞాపకం వాళ్ళది అవుతుంది, ఇందిర అనని మాటలు కూడా ఇందిర నోట్లో పెడతాం. ఈ నవల ఆధారంగా 1963లో వచ్చిన 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా సంగతి కూడా మీ వాదనలోకి వచ్చిందన్నావు. ఆ సినిమా నాకూ ఇష్టమే, కానీ దాన్ని వేరే రోజుకి ఉంచండి. నవలలో మనుషుల గురించి నవలలోంచే మాట్లాడుకోవాలి.

ఒప్పించాలని కూడా చూడకు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' మేమిద్దరం ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. దయానిధిని చూస్తే మీ మామయ్యకి గుండె తరుక్కుపోతుంది. నాకు విసుగొస్తుంది. తల్లి మీద లోకం వేసిన నింద అతన్ని జీవితమంతా వెంటాడిందని ఆయన అంటారు. ఆ నిందని అతను వదల్లేదు, దాని వల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా కష్టపడ్డారని నేనంటాను. ఇన్నేళ్ళలో ఒక్క అంగుళం అటూ ఇటూ కాలేదు. అయినా ఆయన చెప్పిందాని వల్లే నేను ఆ తల్లి కోసం వెతుకుతూ మళ్ళీ చదివాను. నాకు కావలసింది అదే. బుచ్చిబాబుగారి భార్య శివరాజు సుబ్బలక్ష్మిగారు కూడా కథలు రాశారు, బొమ్మలు వేశారు. ఒకే ఇంట్లో రెండు కలాలు ఇమిడాయి, రెండు అభిప్రాయాలు ఇమడవా?

పుస్తకం చివరి అట్ట లోపల తారీఖు వేసి, నీ అభిప్రాయం ఒక్క వాక్యం రాసుకో. అతన్నీ రాయమను. నా మొదటి 'కాలాతీత వ్యక్తులు' కాపీలో "ఇందిరని క్షమించలేను" అని నా చేతిరాత ఉంది. తర్వాత మీ మామయ్య జబ్బుపడి ఎనిమిది నెలలు సెలవులో ఉన్నప్పుడు ఒక్క జీతంతో ఇల్లు లాగాను. అప్పుడు చదివితే, ఇందిర అలసట కనిపించింది. మొదటిసారి చదివినప్పుడు ఆ పేజీలు దాటి ఎలా వెళ్ళిపోయానో తెలీదు. మీ ఆయన వయసింకా ఎంతని? తొందరపడి అతన్ని ఒక గట్టున పడెయ్యకు. నిన్ను నువ్వూ పడేసుకోకు.

ఇక తర్వాతి పుస్తకం. అతనిది కడప వైపు కదా, సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి 'కొండపొలం' తెచ్చుకోండి. 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి వచ్చింది. కరువులో గొర్రెలకి మేతా నీళ్ళూ దొరక్క కాపరులు మందల్ని నల్లమలకి తోలుకుపోవడమే కొండపొలం. ఇది నువ్వు చదవొద్దు, అతన్ని పైకి చదవమను. నీకు తెలియని మాట వచ్చినచోట ఆపి అడుగు. ఆ మాట వాళ్ళ తాత నోట విన్నదో, నాయనమ్మ అన్నదో అయి ఉంటుంది. నీకు ఇన్నాళ్ళూ చెప్పని సంగతులు చెబుతాడు. ఆ తర్వాత రావిశాస్త్రిని నువ్వు పైకి చదివి వినిపించు. మన వైపు 'బేగి', 'ఒగ్గెయ్' నీకు పుట్టుకతో వచ్చినవి, అతను అవి నీ నోటే వినాలి.

పుస్తకం ఎవరు ఎంచుకోవాలన్న దాని మీద వంతులు పెట్టుకోండి. నచ్చకపోతే సగంలో వదిలెయ్యనివ్వండి. దాన్ని నీ మీద ఇష్టం లేకపోవడంగా లెక్కెయ్యకు.

మీ మామయ్యకి శుక్లాల ఆపరేషను అయ్యాక అక్షరాలు పట్టి చూడొద్దన్నారు. రోజూ రాత్రి నేనే చదివి వినిపిస్తున్నాను. పోయిన వారం ఆయనే 'అల్పజీవి' తియ్యమన్నారు. నాకు చెయ్యి ఆడలేదు. అయినా తీశాను. ఆ రోజు ఆయన వదిలేసిన చోటు దాటి కొన్ని పేజీలు చదివానో లేదో, "ఆగు" అన్నారు. "ఆ రోజు ఆఫీసులో నేనూ ఇలాగే నిలబడ్డాను" అని మొదలుపెట్టి, ఎవరు ఏమన్నారో, ఆయన ఎందుకు నోరెత్తలేదో, అంతా చెప్పారు. అంత వివరంగా వినడం నాకు అదే మొదటిసారి. ఆ రాత్రి ఇంక పుస్తకం ముందుకి సాగలేదు.

సంక్రాంతికి ఇద్దరూ రండి. మీ కాపీ తెండి, రెండు గుర్తులతో సహా. మీ మామయ్య ఇప్పటికీ కల్యాణి పక్షమే. మీ ఆయనకి తోడు దొరుకుతారు. నేను నీ పక్కన కూర్చుంటాను.

మీ అత్త